అల అడ్డం వచ్చేదాకా

మొదటి ఉత్తరం

గౌరవనీయులైన తమ్ముడు గారికి,

మీ అక్కయ్య సలాం చెప్పి వ్రాయించునది ఏమనగా, ఇచ్చట మేము క్షేమం. మీరును, మరదలును క్షేమమని తలచుచున్నాను.

మసీదులో అజాన్ ఇచ్చే పెద్దాయన ద్వారా మీరు పంపిన కబురు అందినది. మీ అబ్బాయి నా ఇంట ఉన్నంతకాలం నా గడప తొక్కనని మీరు ప్రమాణం చేసిన సంగతి తెలిసి మనసుకు కష్టమైనది. అయినను మీరు పదిమందికి మంచి చెప్పు స్థానమున ఉన్నవారు. ప్రతి శుక్రవారం మసీదులో ప్రవక్తల బాధ్యతల గురించి, దైవసందేశం మోసుకొచ్చుటలో వారు పడిన కష్టముల గురించి మీరు చేయు ఉపన్యాసములు విని అందరూ మెచ్చుకొనుచున్నారు. అట్టి మీరు ఒక నిర్ణయం తీసుకున్నారనగా అందులో మంచియే ఉండును.

అబ్బాయి నమాజుకు రాననుట, మీకు ఎదురు చెప్పుట పొరపాటే. మీ మాట నేను కాదనను. వీలు చూసుకొని అతనికి వేరే చోట ఏర్పాటు చేయవలెనని ఆలోచించుచున్నాను. మా యందు దయ ఉంచగలరు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి, అక్కయ్య
(వేలిముద్ర)


రెండో ఉత్తరం

తమ్ముడూ,

నీకూ నీ ఇంటికీ శాంతి కలగాలి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, పోను పోను చెప్పే ఓపిక ఉంటుందో ఉండదో.

చేతిరాత చూడగానే నీకు తెలిసిపోయి ఉంటుంది. అవును, వాడే. నేను చెబుతున్నాను, నీ కొడుకు రాస్తున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టకు. రాత వాడిది, మాట నాది. నేను మాట్లాడుతుండగా మధ్యలో లేచిపోయే ధైర్యం నీకు చిన్నప్పటి నుంచీ లేదు, ఇప్పుడు కొత్తగా తెచ్చుకోకు.

ముందు ఆ మొదటి ఉత్తరం సంగతి తేలుద్దాం. అది నాది కాదు. వేలిముద్ర ఒక్కటే నాది. పక్కింటి దర్జీ గారి భార్య బడికి వెళ్లి చదువుకున్న మనిషి కదా అని పిలిచి కూర్చోబెట్టాను. నేను ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి గొంతు పోయేదాకా చెప్పాను, ఆమె తల ఊపుతూ రాసింది. పోస్టు డబ్బాలో వేసి వచ్చి నిశ్చింతగా ఉన్నాను. నాలుగు రోజులకు మీ అజాన్ పెద్దాయన నవ్వుకుంటూ వచ్చాడు. "అక్క నా మాట విన్నందుకు సంతోషం అని చెప్పమన్నారమ్మా తమ్ముడు గారు" అన్నాడు. నేనేం విన్నాను? ఎప్పుడు విన్నాను? చేతిలో ఉన్న ఇస్త్రీ పెట్టె అలాగే పట్టుకొని పక్కింటికి వెళ్లాను. పెట్టెలో నిప్పులున్నాయి, ఆమె నన్ను చూసి గోడకు అతుక్కుపోయింది.

"ఏం రాశావే?" అన్నాను.

"మీరు చెప్పిందే రాశాను పిన్నీ. కాస్త సర్ది రాశాను. ఉన్నదున్నట్టు రాస్తే తమ్ముడు గారు నొచ్చుకుంటారని..."

"ఏం సర్దావు?"

"మీరు 'పిలవాల్సినవాడివి తరిమేశావు' అన్నారు చూడండి, అక్కడ 'మీ నిర్ణయంలో మంచియే ఉండును' అని..."

"అది సర్దడమా? నా నోరు కోసేసి నీ నోరు అతికించడమా?"

పాపం, ఏడ్చేసింది. గొడవలు లేకుండా చేద్దామనుకుంది. ఆమె మనసు మంచిదే, నేను కాదనను. కానీ తమ్ముడూ, ఆ మంచితనంలో నా కబురు ఊపిరాడక చచ్చిపోయింది. నిన్ను 'గారు' అనిపించింది చూడు, నీ ముక్కు నా కొంగుతో తుడిచిన నా చేత! నువ్వైనా ఆలోచించలేదా, మా అక్క ఎప్పుడు ఇలా మాట్లాడింది అని? నీకు కావలసిన మాట వచ్చేసరికి ఎవరు పంపారో కూడా చూసుకోలేదు.

అందుకే ఈసారి చెప్పింది చెప్పినట్టు రాసే మనిషి కావాలనుకున్నాను. వీధంతా తలుచుకుంటే అలాంటివాడు ఒక్కడే తేలాడు, వాడూ నా ఇంట్లోనే అన్నం తింటున్నాడు. "నా గురించి నేనే రాసుకోవాలా అత్తా?" అని గింజుకున్నాడు. "నీ గురించి కాదురా పొడుగోడా, మీ నాన్న గురించి. కూర్చో" అన్నాను. "నేను నమ్మని మాటలు కూడా నీ నోట వస్తాయి కదా" అన్నాడు. "నిన్ను నమ్మమన్నానా, రాయమన్నాను" అన్నాను. "అయితే రాస్తాను. ఒక్క అక్షరం మార్చను" అన్నాడు. మారుస్తాడనే భయం నాకు లేదు. ఆ గుణం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చివర చెబుతాను.

ఇప్పుడు నా వాదన విను.

నీకు గుర్తుందా, నేను ఇస్త్రీ పెట్టె తోస్తుంటే నువ్వు ఈ బల్ల కిందే కూర్చొని పాఠాలు వల్లె వేసేవాడివి. నన్ను బడికి పంపలేదు, నిన్ను పంపారు. దానికి నాకు ఎవరి మీదా కోపం లేదు. నీ చదువు సగం ఈ బల్ల మీదుగా నా చెవిలో కూడా పడింది. ఇవాళ నేను చెప్పబోయేదంతా నీ నోట విన్నదే. కొత్తది ఏమీ లేదు, నీ సామాను నీకు తిరిగి ఇస్తున్నాను.

నువ్వే చెప్పేవాడివి. ప్రవక్తలు మనలాంటి మనుషులే, అన్నం తిన్నారు, అంగళ్లలో నడిచారు, పెళ్లాం బిడ్డలతో కాపురం చేశారు. కాకపోతే పైనుంచి వచ్చిన మాటను వాళ్ల చేతికి అప్పగించారు. నిజమే చెప్పాలి. అప్పగించినదాన్ని భద్రంగా మోయాలి. ఒక్క ముక్క దాచకుండా అందించాలి. తెలివిగా, ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పాలి. మంచికి శుభవార్త, చెడుకు హెచ్చరిక. ఇంతవరకే వాళ్ల పని. ఎవడు విన్నాడు, ఎవడు వినలేదు, వాడిని ఏం చేయాలి అనే లెక్క అల్లాహ్‌ది. మన ప్రవక్తకే, ఆయన మీద దీవెనలూ శాంతీ కలగాలి, ఏమని ఆజ్ఞ వచ్చింది? నువ్వు గుర్తుచేసేవాడివి, అంతే, వాళ్ల మీద కావలివాడివి కావు అని. ఈ మాట బట్టీ పట్టలేక నువ్వు ఏడిస్తే నేను నీతో పాటు పదే పదే పలికాను. నువ్వు మర్చిపోయినట్టున్నావు. నేను మర్చిపోలేదు.

మరి వీడు నీతో ఏమన్నాడు? నేను పక్కనే ఉన్నాను, మీ ఇంటి వరండాలో. "నాన్నా, నమాజు వరసలో నిలబడమంటే నిలబడతాను. వంగుతాను, లేస్తాను. లోపల మాత్రం ఏమీ పలకడం లేదు. మీ పక్కన నిలబడి లోపల ఏదో ఉన్నట్టు నటించడం నా వల్ల కాదు" అన్నాడు. వాడు నిన్ను తిట్టలేదు, మన ధర్మాన్నీ తిట్టలేదు. నాకు మాత్రం గుండె తరుక్కుపోలేదనుకున్నావా? నా ఇంటికి వచ్చాక నేనూ వాణ్ని వదిలిపెట్టలేదు. "పలకకపోతే పలికేదాకా కూర్చోరా, నీకేం అంత తొందర" అని రోజూ పీకుతూనే ఉన్నాను. అడుగు కావాలంటే. అదిగో నవ్వుతున్నాడు. నవ్వుతున్నాడని కూడా రాయి.

నువ్వేం చేశావు? ఆ తర్వాతి శుక్రవారం మైకు ముందు నూహ్ ప్రవక్త అలైహిస్సలాం కొడుకు కథ ఎత్తుకున్నావు. నేను ఇక్కడ బల్ల దగ్గర నిలబడి మొత్తం విన్నాను. మీ మైకు నా కొట్లో గోడలు కూడా అదరగొడుతుంది. వరద వచ్చింది, కొడుకు ఓడ ఎక్కలేదు, మునిగిపోయాడు, "వాడు నీ ఇంటివాడు కాడు" అన్న మాట వచ్చింది అని చెప్పి, గొంతు పెంచి, "ప్రవక్తకే కానివాడైన కొడుకు మనకెందుకు, అలాంటివాడికి తలుపు తీసి ఉంచేవాడికి విశ్వాసం లేనట్టే" అన్నావు. ఎవరి గురించి అంటున్నావో మసీదులో కూర్చున్న చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆ సాయంత్రమే వీడు పనిముట్ల సంచీ భుజాన వేసుకొని నా కొట్టు ముందు నిలబడ్డాడు. బస్సు గ్యారేజీ నుంచి నేరుగా వచ్చాడు, చేతులకు గ్రీజు కూడా వదల్లేదు. ఏం జరిగిందని నేను అడగలేదు. మైకులో విన్నాను కదా.

ఇప్పుడు నువ్వు వదిలేసిన ముక్క నేను చెబుతాను. రాయరా, కలం ఆపకు.

నూహ్ అలైహిస్సలాం ఎన్నేళ్లు పిలిచాడు జనాన్ని? వెయ్యేళ్లకు యాభై తక్కువ. రాత్రీ పగలూ పిలిచాడు, బాహాటంగా పిలిచాడు, గుట్టుగా పిలిచాడు. వాళ్లు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నారు. విసుగొచ్చి పోయాడా? సరే, ఓడ కదిలింది. కొండలంత అలలు. కొడుకు దూరంగా నిలబడి ఉన్నాడు. అప్పుడు ఆ తండ్రి ఏమన్నాడు? "నా ఇంటివాడివి కావు" అన్నాడా? "నా చిట్టి తండ్రీ, మాతో పాటు ఎక్కు" అన్నాడు. నమ్మనివాణ్ని పట్టుకొని నా చిట్టి తండ్రీ అన్నాడు! వాడు కొండెక్కి బతుకుతానన్నాడు. ఇవాళ కాపాడేవాడు ఎవడూ లేడురా అని మళ్లీ చెప్పాడు. ఎప్పటిదాకా పిలిచాడు? వాళ్లిద్దరి మధ్యకూ అల అడ్డం వచ్చేదాకా. ఆపింది అల, తండ్రి కాదు.

"నీ ఇంటివాడు కాడు" అన్న మాట ఆ తర్వాత వచ్చింది. అన్నది ఎవరు? అల్లాహ్. అంతా అయిపోయాక, తీర్పు చెప్పే హక్కు ఉన్నవాడు అన్నాడు. ఆ తండ్రి "వాడు నా ఇంటివాడే కదా ప్రభూ" అని అడిగాడు, మందలింపు పడింది, తల వంచి క్షమాపణ అడిగాడు. అది వాళ్లిద్దరి మధ్య సంగతి. ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ కథలో నువ్వు తండ్రి మాట వదిలేసి తీర్పు మాట తీసుకున్నావు. పంపినవాడి మాటను మోసుకొచ్చేవాడు తన సొంతం చేసుకోవచ్చా? నువ్వు పిలిచావా ఒక్కసారైనా? వరద ఏది? నేల మీద తడి కూడా లేదు, నువ్వే అలవై అడ్డం పడ్డావు.

వాడు కలం ఆపాడు. "ఇది రాయాలా అత్తా, నాన్నకు నొప్పి పుడుతుంది" అంటున్నాడు. ఒక్క అక్షరం మార్చనన్నావు కదా, రాయి అన్నాను. రాస్తున్నాడు. నీకు నొప్పి పుట్టకూడదని నీ కొడుకు చెయ్యి ఆగింది, అది కూడా నీకు తెలియాలి.

ఇంకొకటి. మన ప్రవక్తను పెంచిన పెదనాన్న చివరిదాకా నమ్ముతున్నానన్న మాట పలకలేదు. అయినా మన ప్రవక్త ఏం చేశాడు? తలగడ దగ్గర కూర్చొని, ఊపిరి ఆగేదాకా ఒక్క మాట చెప్పు పెదనాన్నా అని బతిమాలాడు. ఆ ఇంటికి పోవడం మానలేదు. నువ్వు ప్రేమించినవాళ్లను దారిలో పెట్టడం నీ చేతిలో లేదు అనే వాక్యం అప్పుడే దిగిందని నువ్వే చెప్పావు నాకు. అంత గొప్పాయన చేతిలో లేనిది నీ చేతిలో ఉందా, ఒక సైకిలు తాళం కూడా ఎక్కడ పెట్టావో గుర్తుండని నీ చేతిలో?

మరదలు సంగతి గమనించావా? నీ జుబ్బాలు వారానికి రెండుసార్లు నా కొట్టుకు వస్తున్నాయి. అవి నేను ఇస్త్రీ చేసినవే. దారిలో చేత్తో నలిపి తెస్తోంది. వచ్చి ఆ మూల స్టూలు మీద కూర్చుంటుంది, వీడు గ్యారేజీ నుంచి వచ్చేదాకా. "జుబ్బా బాగా నలిగిపోతోంది వదినా" అంటుంది. "అవునమ్మా, మనిషి అలాంటివాడు" అంటాను. నీ బట్టలు అరిగిపోయేలోపు ఏదో ఒకటి తేల్చు.

ఇక చివరి మాట. నిజం చెప్పడం, అప్పగించింది మార్చకుండా మోయడం. ఈ గుణాలు ప్రవక్తలవి అని నువ్వు మైకులో చెబుతావు. ఎవరినీ వాళ్లతో పోల్చను, ఆ పాపం నాకొద్దు. కానీ వాళ్లను చూసి నేర్చుకోమనే కదా నువ్వు చెప్పేది? నువ్వు చెప్పిందంతా నీ ఇంట్లో విని, పట్టుకున్నవాడు వీడే. తనలో లేనిది ఉందని నీతో అబద్ధం ఆడలేకపోయాడు. తను నమ్మని మాటలు నేను చెబుతుంటే ఒక్క అక్షరం మార్చకుండా మోస్తున్నాడు. ఇది నీ దగ్గర నేర్చుకున్నదే. నీ పాఠం పట్టుబడ్డ కొడుకునే నువ్వు తరిమేశావు.

నేను నీ ప్రమాణానికి లొంగను. వీడు ఇక్కడే ఉంటాడు. నువ్వు నా గడప తొక్కకపోతే నీ అడుగులు లేకుండానే బతుకుతాను, ఏడుస్తూనే బతుకుతాను, కానీ పంపించను. నీకు దారి ఒకటే ఉంది. పిలువు. వాడు వస్తాడా రాడా అనేది నీ పని కాదు. పిలవడం నీ పని.

నేను అందించానా, లేదా? అల్లాహ్ సాక్షి, అందించాను.

నీ అక్క
(వేలిముద్ర. చివర్లో వీడు మళ్లీ నాకు మొత్తం చదివి వినిపించాడు. నేను చెప్పిందే ఉంది.)


మూడో ఉత్తరం

తమ్ముడూ, మొండిఘటమా,

సలాం. మళ్లీ దర్జీ గారి భార్యే రాస్తోంది. నా పొడుగోణ్ని నువ్వు ఎత్తుకుపోయావు కదా, ఇక నాకు దిక్కు ఈమే. అయితే ఈసారి వాక్యం వాక్యానికీ చదివి వినిపించే షరతు మీద కలం ఇచ్చాను. 'మొండిఘటమా' అని రాయనంది. రాయిస్తున్నాను.

ఆ రోజు నువ్వు చూసింది నీకు తెలుసు. నువ్వు చూడనిది చెబుతాను. నీ స్కూటరు చప్పుడు వీధి చివర వినిపించగానే వీడు గుర్తుపట్టాడు. తినే కంచం ముందు చెయ్యి అలాగే ఆగిపోయింది. "కార్బురేటర్లో చెత్త ఉంది. నేను వచ్చేశాక ఎవరూ తుడిచినట్టు లేరు" అన్నాడు. ముఖం మాత్రం గోడ వైపు పెట్టి అన్నాడు. నేను కిటికీ రెక్క ఓరగా తీశాను. నువ్వు దిగలేదు. గడపకు మూరెడు దూరంలో స్కూటరు ఆపి, రెండు కాళ్లూ నేలకు ఆనించి, ఇంజను ఆపకుండా కూర్చున్నావు. ప్రమాణం మాట తప్పనివాడివి మరి, నిన్ను చూసి నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. మనిషివి చిక్కిపోయావు. ఆ జుబ్బా మాత్రం చక్కగా ఇస్త్రీ మీద ఉంది.

వీడు చెయ్యి కడుక్కొని గుమ్మంలోకి వచ్చాడు. మీరిద్దరూ ఎదురెదురు పడగానే ఎదురింటివాళ్లు కూరగాయలు తరగడం ఆపేసి చూశారు. ముందు వీడే నోరు తెరిచాడు. "నాన్నా, నమాజు సంగతి నేను..."

"అడిగానా నిన్ను?" అన్నావు. గొంతు మైకులో గొంతు కాదు. బల్ల కింద కూర్చొని పాఠం మర్చిపోయినప్పటి గొంతు. "ఎక్కరా. నాతో పాటు ఎక్కు."

ఆ మాట విని నేను కిటికీ చువ్వ పట్టుకున్నాను తమ్ముడూ. అక్కడే స్కూటరు ఆగిపోయింది. నువ్వు కిక్కు కొట్టావు, మళ్లీ కొట్టావు, చెమటలు పట్టాయి. వీడు దగ్గరకు వచ్చి, "దిగండి నాన్నా" అని, స్కూటరును ఒక పక్కకు ఒంచి, కాసేపు ఉంచి, ఒక్క కిక్కుకు లేపాడు. నువ్వు వెనక సీటు మీద కూర్చున్నావు. వీడు లోపలి నుంచి తెచ్చిన పనిముట్ల సంచీ నువ్వే ఒళ్లో పెట్టుకున్నావు, గ్రీజు అంటుకుంటుందని కూడా చూసుకోలేదు. వీడు నా ఇంట్లో లేడు కాబట్టి ప్రమాణం అక్కడితో తీరిపోయింది, లోపలికి రండిరా ఇద్దరూ అని నేను అరిచాను. "ఆపితే మళ్లీ లేవదు అత్తా!" అని వీడు అరిచాడు. పోయారు. పొగ నాకు మిగిల్చారు.

మర్నాడు మరదలు ఉత్త చేతులతో వచ్చింది. జుబ్బా లేదు. స్టూలు మీద కూర్చొని, "మీ తమ్ముడు ఆ ఉత్తరం చదివి తలగడ కింద పెట్టుకున్నారు వదినా. నాకు కూడా చూపించలేదు" అంది. నాకెందుకు చెబుతున్నావమ్మా, అందులో ఏముందో నాకు తెలుసు అన్నాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం, కాసేపు నిన్ను తిట్టుకున్నాం, బాగుంది.

వీడు మారాడా అని వీధిలో జనం నన్ను అడుగుతున్నారు. మారలేదు, ఇంకా వరసలో నిలబడడం లేదు, నిన్ను మసీదు దగ్గర దింపి, బయట గోడ నీడన స్కూటరు తుడుచుకుంటూ కూర్చుంటున్నాడు అని చెప్పాను. "మరి ఏం లాభం?" అన్నాడు మీ అజాన్ పెద్దాయన. "మీరు రోజూ నమాజుకు రమ్మని అజాన్ ఇస్తారు కదా, వీధంతా వస్తుందా? రాలేదని మానేశారా?" అన్నాను. ఆయన గడ్డం సవరించుకొని పోయాడు. వాడి కోసం అల్లాహ్‌ను వేడుకునే నా దువా నేను మానను. నువ్వూ మానకు. వాడి లోపల పలికే రోజు ఎప్పుడో మనకు చెప్పి రాదు.

నిన్న శుక్రవారం. బల్ల దగ్గరే ఉన్నాను. నువ్వు మళ్లీ నూహ్ అలైహిస్సలాం కథ ఎత్తుకున్నావు. "కిందటిసారి ఈ కథ తప్పుగా అర్థమయ్యే చోట ఆపాను, ఇవాళ మొదటి నుంచీ చెబుతాను" అన్నావు. ఓడ చెప్పావు, అలలు చెప్పావు. దూరంగా నిలబడ్డ కొడుకును చెప్పావు. "అప్పుడు ఆ తండ్రి, నా చిట్టి..." అన్నావు. అంతే. మైకు మూగబోయింది. నేను ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకొని నిలబడ్డాను. గాలి వీస్తున్న చప్పుడు కూడా మైకులో వినిపిస్తోంది, నీ గొంతు మాత్రం లేదు. కొట్టు ముందు నిలబడ్డ ఆసామి, "ఏమ్మా, మైకు చెడిపోయినట్టుంది" అన్నాడు. ఎవరో టక్ టక్ మని మైకు మీద వేలితో కొట్టారు కూడా. సాయంత్రం దాన్ని బాగుచేసేవాణ్ని పిలిపించారట, వాడు తీగలన్నీ లాగి చూసి, ఏ లోపమూ దొరక్క తల గోక్కుంటూ పోయాడట.

వాడికి చెప్పు, మైకు బాగానే ఉందని. నాకు పూర్తిగా వినిపించింది.

రేపు ఇటు రా. వాణ్నీ తీసుకురా. స్కూటరు ఆపినా పరవాలేదు, వాడు లేపుతాడు.

నీ అక్క
(వేలిముద్ర)

ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను, ఏమీ సర్దలేదు. మొదటి ఉత్తరానికి నన్ను మన్నించండి. తిట్లు ఆమెవి, రాత నాది.
పక్కింటి దర్జీ గారి భార్య